పాత చెక్క లాంచీని అద్దెకు తీసుకునే ముందు కేబిన్ నేలపలక ఎత్తి చూడండి

మీరు అడిగింది ఇది: ఎనభై ఏళ్ల కిందట ప్రయాణికుల కోసం కట్టిన చెక్క లాంచీ ఒకటి ప్రైవేటు వేడుకలకు అద్దెకు దొరుకుతోంది. నలభై మందితో ఓ సాయంత్రం మూడు గంటలు తిరిగి రావాలి. ఫొటోల్లో ముచ్చటగా ఉంది. అంత పాతదాన్ని నమ్మొచ్చా, ఏం అడగాలి, ఏం చూడాలి?

నమ్మొచ్చు. వయసు చూసి భయపడక్కర్లేదు. చెక్క పడవలో ఏ పలక పాడైనా, ఏ చట్రం పుచ్చినా దాన్నొక్కదాన్నే తీసి కొత్తది వేయొచ్చు. అందుకే శ్రద్ధగా చూసుకున్న పడవ నూరేళ్లు దాటినా తిరుగుతుంది, గాలికొదిలేసినది పదేళ్లకే కుళ్లిపోతుంది. కాబట్టి యజమానిని మొదట అడగాల్సింది "చివరిసారి ఎప్పుడు ఒడ్డుకెక్కించారు, అప్పుడు ఏమేం మార్చారు" అని. పడవను ప్రేమగా చూసుకునే మనిషైతే ఈ ఒక్క ప్రశ్నకు అరగంట చెప్తాడు: ఎన్ని పలకలు, ఏ కలప, ఏ మేకులు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు. "అంతా బాగుందండీ, మొన్ననే రంగు వేయించాం" అని సరిపెడితే జాగ్రత్తపడండి. కొత్త రంగు కింద పాత కుళ్లు తేలిగ్గా దాక్కుంటుంది.

ముందు కాగితాల సంగతి తేల్చేద్దాం. ప్రకటనలో ఎంతమంది అని రాసినా, లెక్కలోకి వచ్చేది పడవను తనిఖీ చేసి ఇచ్చే ప్రయాణికుల సర్టిఫికెట్‌లో ఉన్న అంకె. మొత్తం ఎంతమంది, పై డెక్ మీద ఎంతమంది, ఏ నీళ్లలో తిరగొచ్చు, గడువు ఎప్పటిదాకా అన్నవి దాంట్లో చూడండి. రేవుకు కట్టి ఉంచినప్పుడు ఒక అంకె, కదిలేటప్పుడు అంతకంటే చిన్న అంకె ఉండే పడవలున్నాయి. ప్రకటనల్లో పెద్ద అంకే కనిపిస్తుంది. మీ ఫొటోగ్రాఫరు, వడ్డించేవాళ్లు, పాటలవాళ్లు ఆ సంఖ్యలోకి వస్తారో రారో రాతపూర్వకంగా తీసుకోండి. నలభై మంది అతిథులు అనుకున్నది నలభై ఆరుకు చేరేది ఇక్కడే. పిల్లలు కూడా ప్రయాణికులే. సముద్ర నౌకల భద్రతకు సంబంధించిన సోలాస్ ఒప్పందం ఏడాది నిండని పసివాళ్లను మాత్రమే లెక్కలోంచి తీసేస్తుంది. వాళ్లకు కూడా ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ కావాలన్నది వేరే సంగతి.

అదే సోలాస్ ప్రకారం 12 మందికి మించి ప్రయాణికులను ఎక్కించుకునేది ప్రయాణికుల నౌక. బ్రిటన్‌లోనూ 12 దాటితే ప్రయాణికుల నౌకకు ఇచ్చే సర్టిఫికెట్ ఉండాల్సిందే. అమెరికాలో కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ లేని చిన్న పడవ డబ్బు తీసుకుని 6 మందికి మించి ఎక్కించుకోకూడదు. మన దేశంలో 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం సర్వే (అంటే పడవ తనిఖీ), రిజిస్ట్రేషన్, సిబ్బంది అర్హతలు చూసుకుంటుంది. ఎక్కడైనా సరే, నలభై మంది అంటే అది సర్వే జరిగిన ప్రయాణికుల పడవే అయ్యుండాలి.

ఒప్పందంలో ఒక మెలిక ఉంటుంది, దాన్ని పట్టుకోండి. "పడవను ఖాళీగా మీకే అప్పగిస్తున్నాం, ప్రయాణం బాధ్యత మీది" అన్న అర్థం వచ్చే వాక్యం రాసి, సరంగును, అంటే పడవ నడిపే మనిషిని, మాత్రం యజమానే పంపిస్తుంటాడు. ప్రయాణికుల పడవ నిబంధనలను తప్పించుకోవడానికి వాడే పాత దారి ఇది. ఏదైనా జరిగితే పడవను నడిపించినవారుగా కాగితం మీద మీ పేరు ఉంటుంది, బీమా కంపెనీ తప్పుకుంటుంది. సరంగును ఎవరు నియమిస్తున్నారు, జీతం ఎవరిస్తున్నారు, అద్దె వేడుకలకు కూడా వర్తించే బీమా ఉందా అన్నవి స్పష్టంగా లేకపోతే సంతకం పెట్టకండి.

ప్రకటనలో "చారిత్రక" అని రాసి ఉంటే ఆ మాటను కూడా పరీక్షించొచ్చు. బ్రిటన్‌లో నేషనల్ హిస్టారిక్ షిప్స్ వాళ్ల రిజిస్టరు బహిరంగంగా ఉంటుంది, అందులో చేరాలంటే పడవకు కనీసం 50 ఏళ్లు ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 మే, జూన్‌లలో ఫ్రాన్స్‌లోని డంకర్క్ నుంచి సైనికులను తరలించిన చిన్న పడవలకు ప్రత్యేక సంఘమే ఉంది. ఆ తరలింపులో పాల్గొన్నాం అని చెప్పుకునే లాంచీ ఆ జాబితాలో ఉందో లేదో చూడటం కష్టం కాదు. పాత బ్రిటిష్ రిజిస్టరు పడవల్లో అధికారిక సంఖ్యను ప్రధాన అడ్డదూలం మీద చెక్కేవాళ్లు, ఆ చెక్కడం ఉంటే దాంతో పాత రికార్డుల్లో వెతకొచ్చు. అయితే "అంతా అసలుదే, ఒక్క పలక కూడా మార్చలేదు" అని ఎవరైనా గొప్పగా చెప్తే నాకు ఆనందం కంటే అనుమానమే ఎక్కువ. నలభై మందిని ఎక్కించాలంటే సగం పలకలు మారిన పడవే నయం. ఆకారం, కట్టుబడి పద్ధతి నిలిస్తే చరిత్ర నిలిచినట్టే.

ఇక అసలు విషయం, అడుగు భాగం. ప్రయాణికుల లాంచీల్లో చాలావాటిని పలకల అంచులు ఒకదానికొకటి ఆనించి నున్నగా కడతారు, దీన్ని కార్వెల్ అంటారు. ఆ సందుల్లో నూలు పోగులు కూరి పైన పుట్టీ పట్టిస్తారు. మందపాటి పలకలైతే తారు పట్టించిన నార కూరతారు. నీళ్లలో ఉన్నంతసేపు చెక్క నీరు పీల్చి ఉబ్బి ఆ కూరిన పోగులను ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. చెక్క పడవ బిగువంతా ఈ ఉబ్బు మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే నెలల తరబడి ఒడ్డున ఎండిన పడవను నీళ్లలోకి దింపితే మొదట కారుతుంది. కొన్ని గంటలు కావచ్చు, రెండు మూడు రోజులు కావచ్చు. పంపులు పెట్టుకుని పలకలు ఉబ్బేదాకా కాపలా కాయడం మామూలే. మీ వేడుకకు రెండు రోజుల ముందే దింపుతున్నారని తెలిస్తే మాత్రం తేదీ జరపండి.

చాలామందికి తట్టని సంగతి ఇంకోటి ఉంది. ఖాళీ పడవలో నీటిగీతకు పైనున్న ఒకటి రెండు వరసల పలకలు ఎప్పుడూ ఎండలోనే ఉంటాయి, వాటి సందులు విచ్చుకుని ఉంటాయి. నలభై మంది ఎక్కగానే పడవ కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది, ఆ ఎండిన సందులు నీళ్లలో మునుగుతాయి. రేవులో ఎండుగడ్డిలా పొడిగా కనిపించిన పడవ జనంతో కదిలాక కారడానికి కారణం ఇదే. అందుకే ఖాళీ పడవలో చేసిన ట్రయల్ చూసి నిశ్చింత పడొద్దు. ఈ మధ్య నిండా జనంతో ఎప్పుడు తిరిగింది, అప్పుడు పంపు ఎంతసేపు ఆడింది అని అడగండి. వారానికోసారైనా జనంతో తిరిగే పడవ, ఏడాదికి రెండుసార్లు బయటికొచ్చే పడవ కంటే ఎప్పుడూ మేలు.

చూడటానికి వెళ్లినప్పుడు కేబిన్ నేలమీది పలక ఒకటి ఎత్తించండి. కింద పడవ కడుపులో, అంటే బిల్జిలో, అరచేతి మందం నీళ్లుంటే కంగారు పడక్కర్లేదు. ఆ నీళ్లు ఎలా ఉన్నాయో చూడండి. నల్లగా, జిడ్డుగా, కదలకుండా ఉంటే పాతవి. తేటగా ఉంటే ఇప్పుడే ఎక్కడి నుంచో వస్తున్నాయి. ప్రొపెల్లర్ ఇరుసు బయటికి వెళ్లేచోట పాత తరహా గ్లాండ్ (నీళ్లు లోపలికి రాకుండా ఇరుసు చుట్టూ ఉండే బిగింపు) ఉంటే, ఇరుసు తిరుగుతున్నప్పుడు చుక్కా చుక్కా కారడం దాని స్వభావం, ఆ తడే దాన్ని చల్లగా ఉంచుతుంది. అక్కడ ధార కడుతుంటే మాత్రం బిగించాలి, లేదా లోపలి ప్యాకింగ్ మార్చాలి. ఇక ఎక్కువగా కారేచోటు పడవ అడుగున నడుమ పొడవునా ఉండే కీల్ దూలాన్ని ఆనుకుని ఉన్న మొట్టమొదటి పలక. టార్చి వేసి ఆ మూల చూస్తే కొత్తగా కూరిన తెల్లటి పుట్టీ గీతలు, తడి జాడలు కనిపిస్తాయి.

అక్కడే మేకుల కథ కూడా తెలుస్తుంది. రాగి రివెట్లు పచ్చబడినా పట్టు వదలవు. ఇనుప మేకులు తుప్పుపట్టి ఉబ్బి చుట్టూ చెక్కను నల్లగా మార్చి చీలుస్తాయి, ఒక మేకు చుట్టూ అలా కనిపిస్తే ఆ వరసంతా అనుమానించాలి. ఇత్తడి స్క్రూలు ఉప్పు నీళ్లలో జింకు పోగొట్టుకుని గులాబీ రంగుకు తిరిగి పుల్లల్లా విరుగుతాయి. లోహపు బోల్టుల చుట్టూ చెక్క తెల్లగా, మెత్తగా, పీచులా ఊడొస్తుంటే అది కుళ్లు అనుకుంటారు గాని, రక్షణ కోసం బిగించే జింకు దిమ్మలు మరీ ఎక్కువైనా, కరెంటు లీకవుతున్నా జరిగే రసాయన నష్టం అది. విద్యుత్ పనిమీద శ్రద్ధ లేదనడానికి గుర్తు.

కుళ్లు చాలావరకు పైనుంచే మొదలవుతుంది. పూర్తిగా మునిగి ఉన్న చెక్కకు గాలి ఆడదు గనుక బూజు అంత తేలిగ్గా పట్టదు. ఉప్పు నీళ్లు కూడా కొంత కాపాడతాయి, కాకపోతే అక్కడ చెక్కను తొలిచే ఓడపురుగు బాధ ఉంటుంది. పడవకు అసలు శత్రువు వాన నీరు. చెక్కలో తేమ ఇరవై శాతం దాటి అలాగే నిలిస్తే బూజు పెరుగుతుంది. కిటికీల కింది మూలలు, డెక్కూ పక్కగోడా కలిసే అంచు, వెనక అడ్డపలక మూలలు, కటకటాల స్తంభాల పాదాలు చూడండి. వేలి ముడితో తట్టండి. మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా మోగుతుంది. కత్తితో గుచ్చి చూడకండి, అది పడవలు పరీక్షించే సర్వేయరు పని, యజమాని అనుమతితో చేయాల్సింది. మూసి ఉంచిన కేబిన్ తలుపు తీయగానే పుట్టగొడుగుల వాసన కొడితే కళ్లకు ఏదీ కనిపించకపోయినా నమ్మకండి.

పంపుల గురించి ఒక లెక్క చెప్తాను. నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల కింద 38 మిల్లీమీటర్ల గొట్టం ఒకటి ఊడిపోతే నిమిషానికి దాదాపు 140 లీటర్లు లోపలికొస్తాయి. పంపు మీద అచ్చువేసిన సామర్థ్యం నీటిని పైకెత్తకుండా తోసినప్పటిది. మీటరు ఎత్తు, పొడవాటి పైపు, సగం దిగిన బ్యాటరీ కలిస్తే అది బాగా పడిపోతుంది. కాబట్టి కనీసం రెండు పంపులు, వాటిలో ఒకటి చేత్తోనో ఇంజన్‌తోనో నడిచేది ఉండాలి. నీళ్లు పెరగ్గానే దానంతటదే పంపును నడిపించే ఫ్లోట్ స్విచ్చిని చేత్తో పైకెత్తించి చూడండి, అక్కడికక్కడే పంపు మోగాలి. చెత్త ఇరుక్కుని ఆ స్విచ్చి కదలకపోవడం, చట్రాల కింద నీళ్లు పారే రంధ్రాలు పూడిపోయి పంపు దాకా నీరే చేరకపోవడం, పాత పడవలు రేవులోనే మునిగిపోవడానికి తరచూ ఇవే కారణాలు. పడవ అడుగు గుండా వెళ్లే ప్రతి గొట్టం వాల్వు పక్కన సరిపడే చెక్క బిరడా తాడుతో కట్టి ఉంటే, ఆ పడవను నడిపేవాళ్లకు పని తెలుసని అర్థం.

ఇంత చెప్పినా, వేడుకల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా కారడం వల్ల కాదు, జనం కదలడం వల్ల. ఒక్కొక్కరు 75 కిలోలు అనుకున్నా నలభై మంది 3 టన్నులు. వాళ్లంతా నడుమ నుంచి మీటరున్నర పక్కకు జరిగితే పడవను ఒరగదోసే బలం (బరువును జరిగిన దూరంతో గుణిస్తే) 4.5 టన్ను-మీటర్లు. అదే జనం పై డెక్ మీద ఉంటే పడవ మొత్తం బరువు కేంద్రం కూడా పైకి లేస్తుంది, ఒరిగాక లేచి నిలబడే శక్తి తగ్గుతుంది. బిల్జిలో నీళ్లు కూడా ఉంటే అవీ ఒరిగిన వైపుకే పరుగెడతాయి. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి చెరువులో జంతువులను చూడటానికి జనం ఒక పక్కకు చేరడంతో రెండంతస్తుల పర్యాటక పడవ తిరగబడి 45 మంది చనిపోయారు. 1915 జులై 24న షికాగోలో ఈస్ట్‌లాండ్ నౌక ఇంకా గట్టుకు కట్టి ఉండగానే ఒరిగిపోయి 844 మంది పోయారు. ఆ పడవలు చెక్కవి కావు. కానీ ఒరగడానికి చెక్క, ఇనుము, ఫైబరు అన్న తేడా లేదు.

పాత పడవలకు ఇంకా దగ్గరగా వర్తించేది 2005 అక్టోబరు 2న అమెరికాలోని లేక్ జార్జ్‌లో ఈథన్ అలెన్ పడవకు జరిగింది. 48 మంది ప్రయాణికులకు అనుమతి ఉన్న పడవలో 47 మంది ఎక్కారు. కాగితం ప్రకారం అంతా సవ్యమే. అయినా పడవ తిరగబడి 20 మంది చనిపోయారు. ఆ అనుమతి మనిషికి 140 పౌండ్లు, అంటే 63.5 కిలోలు అన్న పాత లెక్క మీద ఇచ్చింది, పైగా తర్వాతి కాలంలో గుడ్డ పందిరి తీసేసి బరువైన చెక్క పైకప్పు వేశారు. ఆ తర్వాత కోస్ట్ గార్డ్ మనిషి బరువును 185 పౌండ్లకు, అంటే 84 కిలోలకు మార్చింది, అది 2011 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీరు యజమానిని అడగాల్సింది ఇది: స్థిరత్వ పరీక్ష ఎప్పుడు జరిగింది, ఆ తర్వాత పైకప్పు, జనరేటరు, నీళ్ల ట్యాంకు, ఏసీ లాంటివి ఏవైనా పైన చేర్చారా? చేర్చి మళ్లీ పరీక్ష చేయించకపోతే సర్టిఫికెట్‌లోని అంకెకు నేను మూడో వంతు తగ్గించుకుంటాను.

మీ వైపు నుంచి చేయాల్సింది కార్యక్రమాన్ని పడవకు తగ్గట్టు అమర్చడం. స్పీకర్లు, బరువైన సామాను కింది డెక్‌లో నడుమ పెట్టించండి. గ్రూపు ఫొటో, బాణసంచా, సూర్యాస్తమయం, ఈ మూడు సందర్భాల్లో అందరూ ఒకే కటకటాల దగ్గరికి వస్తారు. గ్రూపు ఫొటో రేవులో దిగాకే తీసుకోండి, లేదా ఫొటోగ్రాఫరు గట్టు మీద ఉండి తీయాలి. చూడాల్సినది ఏదైనా ఉంటే సరంగు పడవను నెమ్మదిగా తిప్పి ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు చూపిస్తాడు, అడిగితే చాలు. డాన్సు కావాలంటే పడవను రేవుకు కట్టి, కింది డెక్‌లో.

నిప్పు గురించి కచ్చితంగా ఉండండి. దశాబ్దాల వార్నిష్ పట్టిన ఎండు చెక్క ఒకసారి అంటుకుంటే ఆపడానికి నిమిషాలే ఉంటాయి. గ్యాస్ సిలిండరు కేబిన్‌లో ఉండకూడదు. ఆ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే బిల్జిలోకి దిగి కూర్చుంటుంది, కింద నుంచి పోయే దారి లేదు. సిలిండరు పెట్టె డెక్ మీద ఉండి, దాని అడుగు నుంచి బయటికి గొట్టం ఉండాలి. పెట్రోలు ఇంజనైతే స్టార్టు చేసే ముందు నాలుగైదు నిమిషాలు బ్లోయరు, అంటే ఇంజన్ చోటులోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, నడపాలి. డీజిలైతే ఆ బెడద చాలా తక్కువ. కొవ్వొత్తులు, దీపాలు వద్దు. అలంకరణ లైట్లు పాత వైరింగుకు కలపకుండా, వాటిని ఎక్కడ పెట్టొచ్చో సిబ్బందినే చూపించమనండి. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే చెక్క పడవ రాత్రివేళ కాలిపోయి, కింది గదిలో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. బయటికి రెండు దారులున్నాయి, కానీ రెండూ మంటలున్న ఒకే గదిలోకి తెరుచుకున్నాయి. రాత్రి గస్తీ తిరగాల్సిన మనిషి లేడు. మీరు పడవలో రాత్రి ఉండాలనుకుంటే, ప్రతి పడకగది నుంచి వేర్వేరు చోట్లకు తెరుచుకునే రెండు దారులు మీరే నడిచి చూడండి, ఫోన్లు, కెమెరా బ్యాటరీలు రాత్రంతా చార్జింగులో ఉంచనివ్వకండి.

అలంకరణ చేసేవాళ్లకు ముందే చెప్పాల్సినవి కొన్ని. మేకు, డ్రిల్లు, స్టేపులరు పడవను తాకకూడదు. ఒక చిన్న మేకు రంధ్రంలోంచి దిగే వాన నీరే తర్వాత పలకను పుచ్చిస్తుంది. తాళ్లు, పట్టీలు, రబ్బరు వేసిన క్లాంపులతో కట్టాలి. మామూలు టేపు ఎండకు వార్నిష్‌తో సహా ఊడొస్తుంది. పై డెక్ చుట్టూ గుడ్డ తెరలు కడితే అవి తెరచాపల్లా గాలి పట్టి పడవను రేవులోకి రానివ్వవు, కాబట్టి సరంగు ఒప్పుకుంటేనే. సన్నటి హీల్స్ మెత్తటి డెక్ చెక్కలో గుంటలు చేస్తాయి, మెత్తటి అడుగున్న చెప్పులు వేసుకు రమ్మని ఆహ్వానంలోనే రాయండి.

వేగం మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. నీటిగీత దగ్గర 49 అడుగుల పొడవున్న ఇలాంటి లాంచీ ఎంత తోసినా 9 నాట్లు దాటడం కష్టం. హాయిగా వెళ్లేది 6 దగ్గర, గంటకు 11 కిలోమీటర్లు. ఎక్కడానికి, భద్రత సూచనలకు అరగంట, దిగడానికి ఇరవై నిమిషాలు తీసేస్తే మీ మూడు గంటల్లో ప్రయాణం రెండు గంటలే. ఆవిరి యంత్రమున్న పడవైతే ఆవిరి సిద్ధమవడానికి గంటకు పైనే పడుతుంది, ఆ సమయం అద్దె లెక్కలో ఉందా అని అడగండి. నలభై మందికి ఒకే టాయిలెట్ ఉంటే మధ్యలో ఓసారి రేవుకు రావాల్సిందే. పడవ టాయిలెట్‌లో టిష్యూలు, తడి వైప్‌లు వేస్తే వెంటనే మూసుకుపోతుంది, తలుపు మీద కాగితం అంటించండి.

చివరిగా వాతావరణం. గాలి ఎంత దాటితే బయల్దేరరో, ఆ నిర్ణయం ఎవరిదో ఒప్పందంలో అంకెతో సహా ఉండాలి. నిర్ణయం సరంగుదే అయ్యుండాలి, దాని మీద మీరు గాని యజమాని గాని బేరం ఆడే వీలుండకూడదు. బయల్దేరలేకపోతే డబ్బు వెనక్కా, వేరే తేదీనా, లేక పడవను రేవుకు కట్టి ఉంచి అందులోనే వేడుక జరుపుకోవచ్చా అన్నది ముందే రాసుకోండి. మూడోది మీ చేతిలో ఉంటే ఆ రోజు గాలి లేచినా ఎవరూ సరంగును ఒత్తిడి చేయరు. రేవుకు కట్టి ఉన్నప్పుడు కూడా పై డెక్ మీది పరిమితి, పక్కకు గుమికూడొద్దన్న నియమం అలాగే వర్తిస్తాయని అతిథులకు చెప్పే బాధ్యత మీలో ఒకరికి అప్పగించండి.